పిల్లలు లేని పిల్లల గది

నా భయాలకి మా ఇంట్లో ఏనాడూ విలువ లేదు. కంపెనీలో మాత్రం వాటికి మార్కులు వేశారు, రంగులు వేశారు, చివరికి కుర్చీ కూడా వేశారు. ఆ కుర్చీలో నేను కూచున్నది సరిగ్గా నాలుగు నెలలు. ఆ నాలుగు నెలల్లో నేనేం చేశానో నేనే చెప్పేస్తాను. ఊళ్లో వాళ్లు చెబితే ఇంకా పెద్దది చేసి చెబుతారు.

నా పేరు సత్యవేణి. భీమవరం దాటాక రోడ్డు పక్కనున్న రొయ్యల కంపెనీలో, పీలింగు షెడ్డులో పని. చెరువుల నుంచి వచ్చిన రొయ్యకి తల తీసి, పొట్టు వలిచి, ఐసులో వేస్తాం. ఇంటరు రెండో సంవత్సరం పరీక్ష ఫీజు కట్టాక పెళ్లి కుదిరింది. ఆ ఫీజు వెనక్కివ్వరట, చదువు విషయంలో మా నాన్న బాధ అదొక్కటే. మా ఆయన ఏడుకొండలు చెరువుల మీద ఏరియేటర్లు బాగుచేస్తాడు. నీళ్లలోకి గాలి కొట్టే చక్రాలు ఉంటాయే, అవి. మా పాప మోక్షిత. రెండేళ్లు నిండాయి.

పాప పుట్టిన రోజే నాకు భయం కూడా పుట్టింది. రెండూ కలిసే పెరిగాయి. ద్రాక్షపండు చూస్తే గొంతులో అడ్డుపడుతుందని, గుండీ చూస్తే ముక్కులో పెట్టుకుంటుందని, బకెట్టు చూస్తే అందులో తలకిందులవుతుందని. "నువ్వు దిండుని చూసినా పాముని చూసినట్టే చూత్తావేంటే?" అంటాడు మా ఆయన. దిండు మొహం మీద పడితే? అంటాను నేను. ఆయన లేచి బయటికెళ్లిపోతాడు.

అలాంటిదాన్ని పనిలో ఎలా చేరానంటే, మా కంపెనీలో పిల్లల గది ఉంది. గేటు పక్కనే. నూకాలమ్మ అని ఆయా ఉంది, నలుగుర్ని పెంచిన మనిషి. షెడ్డులో పనిచేసే ఇరవై రెండు మంది తల్లుల పిల్లలు అందులోనే ఉంటారు. టిఫినుకి, పాలకి వెళ్లి చూసుకోవచ్చు. ఆ గది ఉంటే నాకు పని ఉంది, లేకపోతే లేదు. ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకోండి. నేనే మర్చిపోయాను కాబట్టి చెబుతున్నాను.

ఒకరోజు, మా రొయ్యలు కొనే విదేశీ కంపెనీ వాళ్లు ఉత్తరం రాశారట, మీ దగ్గర రిస్కు సంస్కృతి ఉందా అని. మా ఎండీ గారు వెతికించారు. కోల్డు స్టోరేజీ ఉంది, జనరేటరు ఉంది, గేటు దగ్గర వినాయకుడి గుడి ఉంది. ఇది లేదు. లేకపోతే తెప్పించండి అన్నారు. దాన్ని తేవడానికి లారీల మీద అజమాయిషీ చేసే సదాశివమూర్తి గారిని హైదరాబాదు పంపారు. మూడు రోజుల శిక్షణ. వెళ్లేటప్పుడు లారీల సదాశివమూర్తి, వచ్చేటప్పటికి రిస్కు విభాగాధిపతి. మెడలో తాడు, తాడుకి కార్డు, కార్డు మీద నవ్వని ఫోటో.

మర్నాడు షెడ్డు గుమ్మంలో ఒక ఎర్ర పెట్టె పెట్టించి, మమ్మల్నందర్నీ వరసలో నిలబెట్టి ఉపన్యాసం ఇచ్చారు.

"సోదరీమణులారా! నేటి నుంచి భయం అనేది బలహీనత కాదు, సంస్థాగత వనరు. మీరు దేనికి భయపడుతున్నారో చీటీ మీద రాసి ఈ పెట్టెలో వేయవలసిందిగా యాజమాన్యం కోరుతోంది. ఎక్కువ భయాలు సమర్పించిన వారికి హాట్‌ప్యాక్ బహూకరించబడును."

చీటీలో నాలుగు గళ్లు. ఏం జరగొచ్చు, ఎక్కడ జరగొచ్చు, జరిగే అవకాశం ఎంత, జరిగితే నష్టం ఎంత. ఆఖరి రెండు గళ్లలో ఒకటి నుంచి ఐదు లోపు మార్కు వెయ్యాలి. రెండూ హెచ్చవేస్తే వచ్చేది రిస్కు. ఇరవై ఐదొస్తే ఎరుపు, మధ్యలో పసుపు, తక్కువైతే ఆకుపచ్చ.

నెలాఖరుకి పెట్టె తీశారు. రెండు వందల మంది షెడ్డులో అరవై ఏడు చీటీలు పడ్డాయి. ఒకదాంట్లో సాంబారులో ఉప్పెక్కువ అని, రెండింట్లో సూపర్‌వైజరుని తిట్టి, ఒకదాంట్లో ఎవరో తెల్ల కాగితమే మడిచి వేశారు. మిగతా అరవై మూడూ నావి.

హాట్‌ప్యాక్ కోసం రాయలేదండి, నిజం చెబుతున్నాను. నాకు ఊహ తెలిశాక, నీకేం భయమమ్మా అని అడిగి, రాసుకోవడానికి కాగితం కూడా ఇచ్చింది ఆ కంపెనీ ఒక్కటే. కూచుంటే చెయ్యి ఆగలేదు. ముప్ఫై రెండు చీటీలు షెడ్డు గురించి, క్యాంటీను గురించి, మెట్ల గురించి. ముప్ఫై ఒకటి పిల్లల గది గురించి. ఉయ్యాల గొలుసులో వేలు ఇరుక్కోవచ్చు. గుమ్మం తగిలి పడొచ్చు. ఒక పిల్లాడు ఇంకో పిల్లని కొరకొచ్చు. పాలు పొలమారొచ్చు. నూకాలమ్మకి కునుకు పట్టొచ్చు. అన్నింటికీ అవకాశం ఐదు, నష్టం ఐదు. తల్లిని కదండీ, నాలుగు వెయ్యడానికి మనసెలా ఒప్పుతుంది?

సదాశివమూర్తి గారు నన్ను పిలిపించారు. ఆయన కళ్లు చెమర్చి ఉన్నాయి.

"అమ్మా, శిక్షణలో మాకు చెప్పారు, ప్రతి సంస్థలోనూ ఒక సహజ విశ్లేషకుడు మరుగున పడి ఉంటాడని. నువ్వు రొయ్యల కింద ఉన్నావు."

"నేను ఇంటరు కూడా పూర్తి చెయ్యలేదండి."

"చదువుకున్నవాళ్లు ధైర్యంగా ఉంటారమ్మా. అదే మన సమస్య."

అలా నేను సీనియర్ రిస్క్ అనలిస్టునయ్యాను. జూనియర్ ఎందుకు కాదంటే, జూనియర్‌ని వెయ్యాలంటే పైన ఒక సీనియర్ ఉండాలట. సీనియర్‌కి కింద ఎవరూ లేకపోయినా ఫరవాలేదట. ఇంటికెళ్లి మా ఆయనకి చెప్పాను.

"మరి నువ్వక్కడ ఏం చెయ్యాలి?"

"భయపడాలి."

"ఇంట్లో చేసేదేగా. దానికి కుర్చీ ఎందుకు?"

కుర్చీ మాత్రం బాగుండేది. రెండో అంతస్తులో, కిటికీ పక్కన, చక్రాలది. చక్రాల కుర్చీ వెనక్కి జారొచ్చని మొదటి రోజే చీటీ రాశాను. సాయంత్రానికి చక్రాలు పీకేశారు. నాకు గర్వంగా అనిపించింది. మా ఇంట్లో స్విచ్చుబోర్డుకి మూత పెట్టమని ఏడాదిగా మొత్తుకుంటున్నాను, పెట్టే దిక్కు లేదు. ఇక్కడ చీటీ రాస్తే చక్రాలు ఊడొస్తున్నాయి.

అప్పుడు నాకు అర్థం కానిది ఒకటుంది. సదాశివమూర్తి గారు శిక్షణలో నేర్చుకొచ్చిన ముఖ్యమైన మాట "మూలకారణ నిర్మూలన". రిస్కు దేనివల్ల వస్తోందో కనిపెట్టి దాన్ని తీసెయ్యడం. వేడి టీ ఒలికి కాళ్లు కాలొచ్చని రాశాను. టీకి థర్మామీటరు పెట్టి, చల్లారాకే ఇవ్వాలన్నారు. చల్లారిన టీ తాగితే కడుపు నొప్పి రావొచ్చని రాశాను. టీ తీసేశారు. షెడ్డులో జనం నన్ను చూసి మొహం తిప్పుకోవడం అప్పుడే మొదలైంది.

తర్వాత మెట్లు. ఎంతమంది పడ్డారో లెక్క తీయమన్నారు. పాత రిజిస్టరు చూసి చెప్పాను. ఎక్కుతూ పడినవాళ్లు ఇద్దరు, దిగుతూ పడినవాళ్లు పదకొండు మంది. మరుసటి వారం మెట్ల దగ్గర నోటీసు అంటించారు.

"ఉద్యోగులు మెట్లు ఎక్కుటకు అభ్యంతరము లేదు. దిగుట నిషేధించడమైనది."

మధ్యాహ్నానికల్లా రెండో అంతస్తు నిండిపోయింది. సంతకం కోసం వచ్చినవాళ్లు, కాగితం ఇవ్వడానికి వచ్చినవాళ్లు, ఫ్యాను కింద కాసేపు నిలబడదామని వచ్చినవాళ్లు, అందరూ అక్కడే. సాయంత్రం రొయ్యల ట్రేలు దించే జారుడుబల్ల మీంచి ఒక్కొక్కర్నీ దించారు. ఎకౌంట్సు పేరయ్య గారు, వచ్చే ఏడు రిటైరవుతున్న మనిషి, పంచె సర్దుకుని, ఫైలు గుండెలకి హత్తుకుని, కళ్లు మూసుకుని జారారు. కింద నిలబడ్డ మంగతాయారు ఆయన్ని పట్టుకుని నిలబెట్టి, పైకి నా కిటికీ వైపు చూసి దణ్ణం పెట్టింది. ఆ దణ్ణం ఎలాంటిదో మీకు తెలుసు.

మంగతాయారు నా పక్క బల్ల మనిషి. నేను షెడ్డులో చేరినప్పుడు చేతికి గ్లౌజు తొడగడం నేర్పింది ఆవిడే. నోరు పెద్దది. కొడుకు మా మోక్షిత ఈడువాడు, పేరు రిత్విక్. ఇద్దరూ ఆ గదిలో ఒకే ఉయ్యాల కోసం కొట్టుకునేవాళ్లు.

మూడో నెలలో ఎండీ గారి ముందు సమీక్ష జరిగింది. గోడ మీద తెర వేసి, ఏ విభాగంలో ఎంత రిస్కు ఉందో చూపించారు. మొట్టమొదట అమ్మోనియా ప్లాంటు. కోల్డు స్టోరేజీని చల్లబరిచే గ్యాసు అది. ఒక మార్కు. ఆకుపచ్చ.

"ఒకటేనా?" అన్నారు ఎండీ గారు.

ప్లాంటు మేనేజరు లేచాడు. "అవకాశం ఒకటండి. నేనొచ్చి పదిహేనేళ్లయింది, ఎప్పుడూ ఏం జరగలేదు. నష్టమంటారా, జరిగితే ఎంతయిందో చెప్పడానికి ఎవరూ మిగలరు. కొలవలేనిదానికి ఎక్కువ వెయ్యకూడదని ఒకటే వేశానండి. ఒకటొకట్లు ఒకటి."

"నిజాయితీగా ఉంది," అన్నారు ఎండీ గారు.

అలా బాయిలరు నాలుగు, లారీలు ఆరు, కరెంటు గది రెండు. ఎవరి విభాగానికి వాళ్లే మార్కులు వేసుకున్నారు మరి. ఆఖర్న తెర అంతా ఎర్రబడింది. చూస్తే పిల్లల గది. దానికి అధికారి ఎవరూ లేరు, అంచేత నేను వేసిన మార్కులే ఉండిపోయాయి. ముప్ఫై ఒక్క చీటీలు, ఒక్కోటీ ఇరవై ఐదు, మొత్తం ఏడువందల డెబ్భై ఐదు.

ఎండీ గారు నెమ్మదిగా కళ్లజోడు తీశారు.

"అమ్మా, నువ్వు రాసినవన్నీ చదివాను. ఇన్నాళ్లూ ఇంత ప్రమాదకరమైన యూనిట్‌ని గేటు పక్కనే పెట్టుకుని నేను హాయిగా భోంచేశానంటే నాకే ఒళ్లు జలదరిస్తోంది."

నేను నవ్వాను. మెచ్చుకుంటున్నారనుకున్నాను. ఉయ్యాల గొలుసుకి గుడ్డ చుట్టిస్తారు, గుమ్మానికి రబ్బరు కొట్టిస్తారు, ఇంకో ఆయాని వేస్తారు అనుకున్నాను. టీ పోయిన సంగతి, మెట్లు పోయిన సంగతి తెలిసి కూడా అలా అనుకున్నాను చూడండి, అదీ నా విశ్లేషణ.

"మూలకారణం ఏమిటి?" అన్నారు ఎండీ గారు.

సదాశివమూర్తి గారు కర్రతో తెర మీద చూపించారు. "ముప్ఫై ఒక్క చీటీలనూ క్షుణ్ణంగా పరిశీలించడమైనది సార్. పడేది పిల్లలు. కొరికేది పిల్లలు. మింగేది పిల్లలు. ప్రతి రిస్కు వెనకా పిల్లలే ఉన్నారు."

గది మూసేద్దామంటే చట్టం ఒప్పుకోదు, ఇంతమంది ఆడవాళ్లున్నచోట పిల్లల గది ఉండి తీరాలి. అంచేత గోడకి ఆర్డరు అంటించారు.

"శిశు సంరక్షణ కేంద్రమును యథాతథముగా కొనసాగించుచూ, సోమవారము నుండి అందులోనికి శిశువుల ప్రవేశమును మాత్రము నిలుపుదల చేయడమైనది."

సోమవారం ఉదయం గేటు దగ్గర ఇరవై రెండు మంది తల్లులు పిల్లల్ని చంకన వేసుకుని నిలబడ్డారు. వాళ్లలో నేనూ ఉన్నాను. నూకాలమ్మ లోపల్నించి కిటికీలోంచి చూస్తోంది. ఆవిడ ఉద్యోగం ఆవిడకుంది. రోజూ బొమ్మలు కడగాలి, ఉయ్యాల తుడవాలి, పాలు కాచి చల్లార్చి పారబోయాలి, హాజరు పుస్తకంలో సున్నా వేసి సంతకం పెట్టాలి.

మంగతాయారు నా ముందుకొచ్చి నిలబడింది.

"ఏవే సత్యేణీ! నీ పిల్ల గురించి నువ్వు భయపడ్డావు, బానే ఉంది. నా కొడుకు గురించి కూడా భయపడమని నీకు ఎవరు చెప్పారే?"

"నేను గదికి రబ్బరు కొట్టిస్తారనుకున్నానక్కా."

"కొట్టారుగా మరి. మా అందరి పొట్టల మీద."

నేను మా ఆయనకి ఫోను చేశాను.

ఆరోజు మా ఆయన పాపని బండి మీద తనతో తీసుకెళ్లాడు. సాయంత్రం నేను వెళ్లేసరికి ఇద్దరూ ఇంటి ముందున్నారు. పాప నడుం దాకా చెరువు బురద. నడుం దాకా.

"గట్టు మీద కూచోబెట్టానే. ఓ నాలుగడుగులు దిగినట్టుంది. మోటారు చప్పుడులో నాకు వినపడలేదు. మళ్లీ అదే ఎక్కొచ్చేసింది, తెలివైన పిల్ల."

ఆయన నవ్వుతూనే చెప్పాడు, కానీ పాప చెయ్యి వదల్లేదు. నన్ను ఎప్పుడూ వెక్కిరించే మనిషి. ఆరోజు వెక్కిరించలేదు. నేను పాపకి నీళ్లు పోస్తుంటే పక్కనే నిలబడి, "రేపెలాగ?" అన్నాడు. అంతే.

నా అరవై మూడు చీటీల్లో చెరువు లేదు. గుండీలున్నాయి, ద్రాక్షపళ్లున్నాయి. చెరువు లేదు. ఎందుకంటే పిల్లల గదిలో ఉన్నంతకాలం చెరువు సంగతి నేను ఆలోచించాల్సిన పని లేకపోయింది.

మర్నాడు పాపని మా పిన్ని దగ్గర ఒక్క వారానికని బతిమాలి వదిలి, ఆ మిగతా ఇరవై ఒక్క మందినీ అడిగాను, మీరెక్కడ పెట్టి వస్తున్నారని. మంగతాయారు మొదట చెప్పలేదు. తర్వాత చెప్పింది. రిత్విక్ నడుముకి పాత చీర కట్టి, మంచం కోడుకి ముడేసి, గొళ్లెం పెట్టి వస్తోందట. ఇంకొకావిడ చూపు ఆనని అత్తగారి దగ్గర. ఇంకొకావిడ మూడో తరగతి చదివే పెద్దపిల్లని బడి మాన్పించి చిన్నవాణ్ణి ఎత్తుకోమంది. ఇద్దరు అసలు పనికే రావడం లేదు. నేను ఇరవై రెండు చీటీలు రాశాను. ఈసారీ అన్నింటికీ ఐదులే. ఇవి నిజం ఐదులు.

సదాశివమూర్తి గారు చదివి, జాగ్రత్తగా దొంతి పెట్టి, నాకు తిరిగిచ్చేశారు.

"ఇవన్నీ కంపెనీ ప్రహరీ అవతల జరిగేవమ్మా."

"అయినా పిల్లలు వాళ్లేగా సార్."

"గోడకి ఇవతల ఉన్నది రిస్కు. అవతల ఉన్నది జీవితం. జీవితానికి మన దగ్గర ఫారం లేదు."

"పోనీ, నేను మొదట రాసిన ముప్ఫై ఒకటీ వెనక్కి తీసుకుంటాను. తెలియక రాశాను."

ఆయన జాలిగా చూశారు. "వేసిన చీటీ వెనక్కి రాదు. అది తగ్గాలంటే మార్గం ఉంది. తొంభై రోజులు ఆ గదిలో ఏ ప్రమాదమూ జరక్కుండా ఉంటే రిస్కు సున్నా అవుతుంది. సున్నా అయితే పిల్లల్ని అనుమతించవచ్చు."

"అమ్మయ్య."

"పిల్లల్ని అనుమతించిన రోజున మళ్లీ ఏడువందల డెబ్భై ఐదు."

నేను ఆయన మొహం చూశాను. వేళాకోళం కాదు. ఆ మనిషికి వేళాకోళం రాదు. మంచివాడు, నిజంగా. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని.

"ఇంకే మార్గమూ లేదా సార్?"

"ప్రతి చీటీకీ ఒక యజమాని ఉండాలమ్మా. యజమాని లేని చీటీ దానంతటదే రద్దవుతుంది. కానీ నువ్వు ఉద్యోగం మానినా లాభం లేదు. నీ చీటీలు నీ పేరున లేవు, కుర్చీ ఇచ్చిన రోజే వాటిని నీ పదవి పేరుకి మార్చాం. రేపు నీ కుర్చీలో ఎవరొచ్చినా అవి వాళ్లవే."

ఆ వారంలోనే విదేశీ కంపెనీ తనిఖీ మనిషి వచ్చాడు. పిల్లల గది చూసి నిలబడిపోయాడట. ఇంత శుభ్రమైన, ఇంత నిశ్శబ్దమైన పిల్లల గది ఏ దేశంలోనూ చూడలేదని రాసి సంతకం పెట్టాడు. దాన్ని ఫ్రేము కట్టించి గేటు దగ్గర వినాయకుడి పక్కన తగిలించారు.

కుర్చీలో కూచుని ఇంకొక చీటీ మొదలుపెట్టాను. ఈసారి గోడకి ఇవతలే జరిగేది రాద్దామని. ఏం జరగొచ్చు: ఇంట్లో కట్టేసి వచ్చిన పిల్లాడి మీద ధ్యాసతో తల్లి రొయ్య వలుస్తుంది, వేలు తెగుతుంది, సరుకు పాడవుతుంది. సరుకు అంటే ఎండీ గారు లేచి నిలబడతారు. అవకాశం ఐదు. నష్టం దగ్గర ఐదు వెయ్యబోయి ఆగిపోయాను.

మూలకారణం ఏమిటని అడుగుతారు. సదాశివమూర్తి గారు కర్ర ఎత్తుతారు. తల్లులు అంటారు.

ఆ చీటీ చింపి, ముక్కలు చేసి, కొంగున కట్టేసుకున్నాను. చెత్తబుట్టలో వెయ్యడానికి కూడా భయమేసింది. ఈ కంపెనీలో ఏది ఎక్కువ మార్కులు తెచ్చుకుంటే దాన్ని తీసేస్తారు. టీ తెచ్చుకుంది, పోయింది. మెట్లు తెచ్చుకున్నాయి, సగం పోయాయి. పిల్లలు తెచ్చుకున్నారు. నాలుగు నెలలు ఆ కుర్చీలో కూచుని, నాకు తెలిసిందల్లా ఇదొక్కటే. మరైతే ఏది పోవాలో దానికే కదా మార్కులు వెయ్యాలి!

ఇంకో చీటీ తీసుకున్నాను.

ఎక్కడ: రెండో అంతస్తు, కిటికీ పక్క కుర్చీ. ఏం జరగొచ్చు: సీనియర్ రిస్క్ అనలిస్టు అనే పదవి వల్ల కంపెనీలో ఉన్నవన్నీ ఒక్కొక్కటీ పోవచ్చు. జరిగే అవకాశం: ఐదు, రోజూ జరుగుతోంది. జరిగితే నష్టం: ఐదు. సాక్ష్యం: టీ లేదు, దిగే మెట్లు లేవు, పేరయ్య గారికి నడుం నొప్పి, ఇరవై రెండు మంది తల్లుల్లో ఇద్దరు పనికి రావడం లేదు, ఎర్ర చీటీలన్నీ ఈ కుర్చీ పేరునే ఉన్నాయి.

సదాశివమూర్తి గారు రెండుసార్లు చదివారు. మూడోసారి పైకి చదివారు. ఆయన మొహంలో ఎప్పుడూ లేని వెలుగు వచ్చింది.

"ఇది... ఇది అన్ని మూలకారణాలకీ మూలకారణం. శిక్షణలో కూడా ఇంత లోతుకి వెళ్లలేదమ్మా. నీ స్థాయి సీనియర్‌తో ఆగకూడదు. నిన్ను ప్రధాన అనలిస్టుగా పదోన్నతి చేయించవలసిందే!"

"అలా చేస్తే రిస్కు ఇంకా పెరుగుద్ది సార్. అవకాశం ఆరు వెయ్యాల్సొస్తుంది."

"ఐదు దాటకూడదమ్మా!" అన్నారాయన కంగారుగా. "ఫారంలో ఆరు లేదు."

"అందుకేనండి, వద్దు."

ఆయన చాలా బాధతో ఒప్పుకున్నారు. అన్ని విభాగాల వాళ్లతో కమిటీ కూచుంది. నన్ను బయట నిలబెట్టారు. లోపల్నించి ప్లాంటు మేనేజరు గొంతు వినిపించింది, ఈ ఒక్క చీటీకి తాను మనస్ఫూర్తిగా మద్దతిస్తున్నానని. పేరయ్య గారు నడుం పట్టుకుని లేచి చెయ్యెత్తారట. పది నిమిషాల్లో అయిపోయింది.

పదవి రద్దు చేశారు. యజమాని లేనందువల్ల ముప్ఫై ఒక్క చీటీలూ రద్దయ్యాయి. పిల్లల గది రిస్కు సున్నా, పిల్లలు రావొచ్చు. సంస్థలోని అత్యంత ప్రమాదకరమైన అంశాన్ని స్వయంగా గుర్తించి నిర్మూలనకు సహకరించినందుకు నాకు శాలువా కప్పారు. ఎండీ గారు చప్పట్లు కొట్టారు. తర్వాత నన్ను జారుడుబల్ల మీంచి కిందికి దించారు, మెట్ల సంగతి ఇంకా పరిశీలనలో ఉంది మరి.

సోమవారం మళ్లీ షెడ్డు. గ్లౌజులు తొడుక్కుంటుంటే మంగతాయారు నా వైపు ఒక ట్రే జరిపింది.

"ఆయ్, సీనియర్ గారూ, ఇవి వలవండి. భయపడకండి, చచ్చిన రొయ్యలే."

నవ్వాను. ఆవిడ మాట్లాడింది, అది చాలు.

పొద్దున గది దగ్గర మోక్షిత నా చెయ్యి విదిలించుకుని లోపలికి పరిగెత్తింది, వెనక్కి చూడలేదు. రిత్విక్ అప్పటికే ఉయ్యాల ఎక్కేశాడు. నూకాలమ్మ గుమ్మంలో నిలబడి, "ఏమైనా చెప్పాలా అమ్మా?" అంది. చెప్పాల్సినవన్నీ గొంతు దాకా వచ్చాయి. వరస తప్పకుండా వచ్చాయి, గొలుసు నుంచి కునుకు దాకా.

"ఏం లేదు నూకాలమ్మా," అన్నాను.

సాయంత్రం డ్యూటీ దిగి తల్లులందరం ఒకేసారి గది దగ్గరికి వెళ్లాం. మోక్షిత పరిగెత్తుకుంటూ వచ్చింది. నుదుటి మీద వక్కంత బొప్పి.

"గుమ్మం తగిలిందమ్మా," అంది నూకాలమ్మ మెల్లిగా.

ఇరవై ఒక్క మందీ పిల్లల్ని చంకన వేసుకున్నవాళ్లు వేసుకున్నట్టే ఆగిపోయి, నా మొహం వైపే చూస్తున్నారు. మంగతాయారు నా చేతుల వైపు చూస్తోంది, పెన్ను ఉందేమోనని.

పాప నుదురు చూశాను. వేలు ఉమ్ముతో తడి చేసి బొప్పి మీద రెండుసార్లు రాశాను. ఇంకెవరికో చెబుతున్నట్టు, "పిల్లలన్నాక పడతారు," అన్నాను. ఆ మాట నా నోటి నుంచి రావడం నేనే మొదటిసారి విన్నాను. వెనక ఎవరో ఊపిరి వదిలారు.

ఆటో ఎక్కేదాకా ఏడుపు ఆపుకున్నాను. పాప ఎప్పుడో ఆపేసింది లెండి. నా సంగతి చెబుతున్నాను.